పోటు వేళకి ఎసరు

మొన్న తెనాలి స్టేషన్లో రేపల్లె బండి కోసం కూర్చున్నాను. తొమ్మిదీ పావుకి రావలసిన బండి గంటా యాభై నిమిషాలు ఆలస్యంగా నడుస్తున్నదని మైకులో చెప్పగానే, నా పక్కన బెంచీ మీద కూర్చున్న కాలేజీ పిల్ల ఫోను తీసి కాలిక్యులేటర్లో టకటకా ఏదో కొట్టి, కాసేపు దానికేసి అయోమయంగా చూసి, ఫోను నా ముందుకు జరిపింది. "అమ్మమ్మగారూ, పది అరవై అయిదుకి వస్తుందంటోంది. పది అరవై అయిదేంటండీ?" అంది. నాకు నవ్వొచ్చింది. తొమ్మిదీ పదిహేనుకి ఒకటీ యాభై కలపమంటే ఆ యంత్రం అలాగే చెబుతుందమ్మా, దానికి వంద తెలుసుగాని అరవై తెలియదు, అరవై నిండగానే ఒక గంట చేసి అవతలి గదిలోకి పంపెయ్యాలి, మీ బండి పదకొండూ అయిదుకి వస్తుంది అని చెప్పాను. ఆ పిల్ల నాలుక కరుచుకుని, అవును కదండీ అని మళ్ళీ ఫోనులో పడిపోయింది. నేను మాత్రం బండి వచ్చేదాకా ఆ ప్లాట్‌ఫారం మీద లేను. ముప్ఫై ఏళ్ళకు పైగా బాపట్లలో లెక్కల పంతులమ్మగా చేసినదాన్ని, గంటలూ నిమిషాల కూడికలు ఎంతమంది పిల్లల చేత చేయించానో నాకే తెలియదు. కాని ఆ లెక్క నేను నేర్చుకున్నది బడిలో కాదు, మా ఇంటి పొయ్యి దగ్గర.

మాది రేపల్లెలో బస్సెక్కి చివరిదాకా వెళితే వచ్చే సముద్రపు ఒడ్డు ఊరు. నాన్న నా చిన్నతనంలోనే జ్వరంతో పోతే, అమ్మ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని రేపల్లె బజారుకి తిరిగి అన్ననూ నన్నూ సాకింది. మా పడవలు సముద్రంలోకి వెళ్ళాలన్నా తిరిగి రావాలన్నా మొగ దాటాలి. ఏరు సముద్రంలో కలిసే ఆ ఇరుకు చోట ఇసుక మేట వేసి ఉంటుంది కాబట్టి పోటు వచ్చి నీళ్ళు నిండితే తప్ప పడవ లోపలికి రాలేదు. అందుకని మా ఊళ్ళో పొద్దు ఎంత ముఖ్యమో పోటూ అంతే ముఖ్యం. ఆ పోటు నిన్న వచ్చిన వేళకి ఇవాళ రాదు. చంద్రుడు రోజూ కాస్త ఆలస్యంగా పొడిచినట్టే అదీ రోజుకి రెండు ఘడియలు వెనక్కి జరుగుతుందని మావాళ్ళ లెక్క. నా ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, మన ఎక్కాల పుస్తకం చివరి పేజీల్లో కాలమానం అని ఒకటి ఉండేది: అరవై విఘడియలు ఒక ఘడియ, ఏడున్నర ఘడియలు ఒక జాము, ఎనిమిది జాములు ఒక రోజు. మనం అవన్నీ ఊగుతూ వల్లె వేసి, అప్పజెప్పి, ఆ మర్నాడే మరిచిపోయిన వాళ్ళమే. మా ఇంట్లో మాత్రం అవి మరిచిపోవడానికి వీల్లేదు. అమ్మకి గంటలు తెలియవు, బళ్ళో ఘడియలు చెప్పరు, మధ్యలో నేను. ఘడియంటే ఇరవై నాలుగు నిమిషాలు, రెండు ఘడియలంటే నలభై ఎనిమిది.

అన్న అయిదో తరగతితో బడి మానేశాడు. మానెయ్యడానికి కారణం ఇంటి పరిస్థితే అయినా, వాడు మాత్రం జీవితాంతం దాన్ని ఒక తీసివేత లెక్క మీదికి నెట్టి నవ్వించేవాడు. అయిదు గంటల పది నిమిషాల్లోంచి రెండు గంటల నలభై నిమిషాలు తీసెయ్యమని మాష్టారు బోర్డు మీద వేయిస్తే, వీడు మామూలు లెక్కలో లాగా గంటల దగ్గర ఒకటి అప్పు తెచ్చి పది పక్కన పెట్టి నూటపది చేశాడట. చివరికి జవాబు రెండు గంటల డెబ్భై నిమిషాలని తేల్చి గర్వంగా నిలబడ్డాడట. మాష్టారు బెత్తం తీసి, గంటకి అరవై నిమిషాలే కదరా అంటే, నలభై నిమిషాలు ఎక్కువొస్తే నష్టమేంటి సార్ అన్నాడట. ఆయన కొట్టబోయిన చెయ్యి ఆపి నవ్వేశాడని అన్న చెప్పేవాడు. కొట్టాడనే నా అనుమానం.

వాడు పడవెక్కిన రోజు నుంచి మా ఇంట్లో నాకొక ఉద్యోగం వచ్చింది. వెళ్ళేటప్పుడు, రేపటి పోటుకి వస్తానే అని ఒక కేక వేసి వెళ్ళేవాడు. మర్నాడు అమ్మ పొయ్యి ముందు కూర్చుని, ఎసరు ఎప్పుడు పెట్టనే అమ్మాయ్ అని అడిగేది. ఒళ్ళంతా ఉప్పునీళ్ళకి నాని, చేతులు తాళ్ళకి కోసుకుపోయి వచ్చే పిల్లాడికి అన్నం పొగలు కక్కుతూ ఉండాలని అమ్మ పంతం. ముందు వండితే చల్లారిపోతుంది, వచ్చాక వండితే వాడు ఆకలికి ఓర్వలేక కుండలోని చద్దన్నం తినేసి పడుకుంటాడు. నిన్న పోటు తొమ్మిదీ ముప్ఫై అయిదుకి, దానికి నలభై ఎనిమిది కలిపితే ఎనభై మూడు, అందులో అరవై గంటకి పోగా మిగిలింది ఇరవై మూడు, కాబట్టి ఇవాళ పదీ ఇరవై మూడుకి పోటు, మొగలోంచి ఇంటికి రావడానికి ఇంకో అరగంట. ఇదంతా చేతివేళ్ళ మీద వేసి, మా గోడకి గడియారం లేదు కాబట్టి పక్కింటి రేడియో వార్తల్ని బట్టి అంచనా కట్టి, ఇప్పుడు పెట్టమ్మా అని చెప్పేదాన్ని. ఆ అన్నం వార్చే వేళకి వీధిలో అన్న తడి అడుగుల చప్పుడు వినిపిస్తే, మా అమ్మ నాకేసి చూసే చూపు నాకు ఆ తర్వాత ఏ పరీక్షలోనూ, ఏ ఇన్‌స్పెక్టరు మెప్పులోనూ దొరకలేదు.

నేను బాపట్లలో హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో అన్నకి పెళ్ళయింది. వదినది బాపట్ల అవతల సముద్రపు ఊరే. చామనచాయ, చురుకైన కళ్ళు, అక్షరమ్ముక్క రాదు. అన్న రేపల్లెలో ఒక అలారం గడియారం కొనుక్కొచ్చి, ఇక నీ బదులు ఇది చెబుతుందిలేవే అని నన్ను ఏడిపించాడుగాని, దాన్ని చూడటం రావాలి కదా. ఆ సెలవుల్లో వదినకి ముళ్ళు చూడటం నేర్పాను. చిన్నముల్లు, పెద్దముల్లు, అరవై, నలభై ఎనిమిది, మిగులు. నాలుగు రోజుల్లో పట్టేసింది. నన్ను పంతులమ్మా అని మొదట పిలిచింది ఆవిడే, అప్పటికి నాకింకా ఉద్యోగం రాలేదు. నేను మళ్ళీ ఊరికి వెళ్ళేటప్పటికి అత్తాకోడళ్ళిద్దరూ పొయ్యి ముందు కూర్చుని, పోటు ఎప్పుడని అమ్మ అడగడం, వదిన పెదవులు కదుపుతూ కూడి చెప్పడం చూశాను. నా ఉద్యోగం పోయినందుకు కాస్త కినుక కలిగిన మాట నిజమేగాని, ముచ్చటగానూ అనిపించింది.

నేను బాపట్లలో ఉద్యోగంలో చేరిన ఏడే, వానాకాలం చివర్లో వాయుగుండం పట్టింది. అప్పట్లో హెచ్చరికలు రేడియోలో వచ్చేవి, వచ్చేసరికి పడవలు సగం దూరం వెళ్ళిపోయి ఉండేవి. గాలి వెలిసిన మర్నాటి నుంచి ఒక్కొక్కటే పడవలన్నీ ఒడ్డుకు చేరాయి. అన్న, మరో ముగ్గురూ ఎక్కిన పడవ రాలేదు. కబురు బడికి వచ్చింది. బాపట్లలో బండెక్కి తెనాలిలో దిగి, రేపల్లె బండి కోసం కూర్చున్న ఆ కాసేపూ నేను లెక్కలే వేశాను. ఇంజను చెడిందనుకుంటే తెరచాప మీద రావాలి, గాలి ఎదురైతే ఒక రోజు, తోవ తప్పితే రెండు రోజులు, ఏ ఒడ్డుకో కొట్టుకుపోయి బస్సు మీద వస్తే ఇంకో రోజు. అన్నీ కూడికలే. వేమూరు దగ్గర కూరగాయల గంపలతో ఎక్కిన ఆడవాళ్ళు ఏదో పెళ్ళి గురించి గలగలా మాట్లాడుకుంటుంటే, వీళ్ళ మాటలు వినబడేంత మామూలుగా ఈ రోజు ఎలా నడుస్తోందా అనుకున్నాను.

నేను వెళ్ళేసరికి అమ్మ ఒడ్డున కూర్చుని ఉంది. నన్ను చూసి ఏడవలేదు. పడవలోని డ్రమ్ము నీళ్ళు నలుగురికి ఎన్నాళ్ళొస్తాయో చెప్పమంది. మనిషికి రోజుకి ఇంత అనుకుని వేసి చెప్పాను. ఆ గడువు అప్పటికే దాటిపోయింది. అమ్మ, "వాడు నీళ్ళు తక్కువ తాగుతాడే, చిన్నప్పట్నుంచీ అంతే. మళ్ళీ వెయ్యి" అంది. మళ్ళీ వేశాను, ఇంకొంచెం జరిగింది. అది కూడా దాటాక, "వాన కురిసింది కదే, తెరచాపలో పట్టుకునుంటారు. అదీ కలుపు" అంది. అదీ కలిపాను. నా లెక్క ఎక్కడ పూర్తయినా అమ్మ ఇంకొక చుక్క నీళ్ళు తెచ్చి అందులో పోసేది. వదిన పక్కనే నిలబడి, మోకాళ్ళ దాకా చీర తడిసినా తెలియకుండా, మొగ కేసి చూస్తూ ఉండేది. గవర్నమెంటు పడవలు వెతికాయి. తీరం వెంబడి కాకినాడ దాకా కబుర్లు వెళ్ళాయి. చెక్క ముక్క కూడా దొరకలేదు.

తక్కిన మూడిళ్ళ వాళ్ళు కొన్ని నెలలు చూసి కర్మలు చేసేశారు. అమ్మ చెయ్యలేదు. కులపెద్దలు వచ్చి నచ్చజెప్పబోతే, ఆలస్యమైంది, అంతే కదా అని లేచి లోపలికి వెళ్ళిపోయింది. వదిన బొట్టు, గాజులు అలాగే ఉంచుకుంది. ముత్తైదువ పేరంటాలకి పిలవరు, విధవరాళ్ళ జాబితాలోనూ కలపరు, ఇరవై రెండేళ్ళ పిల్ల ఊరి మధ్యన ఎటూ కాకుండా నిలబడిపోయింది. పుట్టింటివాళ్ళు రెండుసార్లు బండి కట్టుకొచ్చి పిలిచినా వెళ్ళలేదు. అమ్మతో పాటు గంప ఎత్తుకుని రేపల్లె బజారుకి తిరగడం మొదలుపెట్టింది. రోజూ అమ్మ పోటు ఎప్పుడని అడిగేది. వదిన నిన్నటి వేళకి నలభై ఎనిమిది నిమిషాలు కలిపి చెప్పేది. మూడో మనిషికి కూడా సరిపడా ఎసరు పెట్టేవాళ్ళు. పోటు వచ్చి పోయాక, అన్నం చల్లారాక, ఇద్దరూ అదే తినేవాళ్ళు. అది పిచ్చి అని ఊళ్ళో అనుకునేవాళ్ళు. నేను సెలవులకి వెళ్ళినప్పుడు వాళ్ళతో పాటు ఆ చల్లారిన అన్నమే తినేదాన్ని, అది ఆపమని మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ఆ ఎసరు లేకపోతే అమ్మ పొద్దున్నే లేవదని నాకు తెలుసు.

అలా ఏళ్ళు గడిచాయి. ఆ రోజుల్లోనే రేపల్లె రైసు మిల్లులో పనిచేసే ఒకాయన వదిన గురించి నాతో మాట్లాడాడు. ఆయనా మావాళ్ళే. తండ్రి సముద్రంలో పోతే, తల్లి కొడుకుని పడవెక్కనివ్వక మిల్లులో పెట్టిందట. భార్య పోయి, చంటిపిల్లతో ఉన్నాడు. బజారులో వదినని రోజూ చూసేవాడుగాని ఎప్పుడూ పలకరించి ఎరగడు. నేను బాపట్ల తిరిగి వెళుతూ రేపల్లె స్టేషన్లో కూర్చుంటే, చొక్కా మీది తవుడు దులుపుకుంటూ వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పాడు. "తొందరేం లేదండి పంతులమ్మగారూ. ఆవిడకి ఇష్టమైతేనే. వాళ్ళత్తగారి మనసు నొప్పించి మాత్రం వద్దండి. ఎన్నాళ్ళైనా పర్లేదు, నేనుంటాను" అన్నాడు. బండి కదిలాక నాకు ఏడుపు ఆగలేదు. అన్న మీద బెంగో, వదినని చూసి జాలో, ఆ మనిషి మంచితనమో, ఎందుకని అడిగితే ఇప్పటికీ చెప్పలేను.

వదినని అడిగితే ముందు మొహం తిప్పుకుంది, తర్వాత ఆ చంటిదానికి ఒంట్లో ఎలా ఉందటా అంది. అంతే నాకు అర్థమైంది. అమ్మకి చెప్పకుండానే తెనాలిలో ఒక ప్లీడరుగారి దగ్గరికి వెళ్ళాం. పెద్దాయన, నిదానస్తుడు. మనిషి గురించి ఏడేళ్ళు ఏ వార్తా లేకపోతే చనిపోయినట్టు భావించవచ్చని చట్టం ఒప్పుకుంటుందమ్మా, మరి ఎన్నాళ్ళైంది అని అడిగారు. ఆయన బల్ల మీద కాగితం మీద నేనే వేశాను. సంవత్సరాలు, నెలలు, రోజులు. రోజులు చాలక నెల దగ్గర అప్పు తెచ్చుకున్నాను, నెలలు చాలక సంవత్సరం దగ్గర తెచ్చుకున్నాను. పిల్లలకి ఎన్నిసార్లో చెప్పిన తీసివేత, రెండుసార్లు తప్పింది. ఏడేళ్ళకి ఇంకా అయిదు నెలలు తక్కువ వచ్చింది. "అయితే ఆ అయిదు నెలలు ఆగండమ్మా. ఈలోపు అతను రాకపోతే..." అని ఆయన మధ్యలో ఆగిపోయి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తాను ఏమంటున్నదీ ఆయనకే అప్పుడు వినబడినట్టుంది.

రావాలని అన్నేళ్ళు ఎదురుచూసిన మనిషి, రాకుండా ఉండవలసిన అయిదు నెలలు. ఆ అయిదు నెలలు వదిన పడిన బాధ నేను మాటల్లో పెట్టలేను. ఎసరు పెడుతూనే ఉంది, పోటు లెక్క వేస్తూనే ఉంది, మొగ కేసి చూస్తూనే ఉంది. ఒకసారి నేను ఊరికి వెళ్ళినప్పుడు ఒడ్డున వలలు ఆరబెట్టే చోట నన్ను పట్టుకుని నిలబెట్టేసింది.

"పంతులమ్మా, ఇప్పుడు మీ అన్న వచ్చాడనుకో, నేను పరిగెత్తుకెళ్ళాలా, దాక్కోవాలా? రాకపోతే బాగుండునని ఒక్కసారి, ఒక్కసారే, మనసులోకొచ్చింది. ఆ రోజంతా నీళ్ళకేసి చూడలేకపోయాను. నా మూలంగానే రావట్లేదేమో."

కాదు వదినా, కాదు అని ఒక్కటే మాట అంటూ ఉండిపోయాను. 

గడువు దాటాక ఒక సాయంత్రం అమ్మ పక్కన కూర్చున్నాను. వాకిట్లో తాటాకు చాప మీద ఎండు రొయ్యలు పోసుకుని ఏరుతోంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక, అన్న వెళ్ళి ఏడేళ్ళు దాటిందమ్మా అన్నాను. చేతులు ఆగలేదు.

"ఏడేళ్ళంటే ఎంతే?"

"ఏడేళ్ళంటే ఏడేళ్ళే కదమ్మా."

"నాకు ఏళ్ళు తెలియవు. ఘడియల్లో చెప్పు."

రోజుకి అరవై ఘడియలు. ఏడేళ్ళని రోజులు చేసి, రోజుల్ని అరవైతో హెచ్చవేశాను. పుల్లతో ఇసకలో వేస్తుంటే అంకెలు చాప పక్క నుంచి గడప దాకా సాగాయి. లక్షన్నర దాటింది. ఆ మాటే చెప్పాను. అమ్మ రొయ్యలు ఏరడం ఆపేసింది. ఆ అంకెల వరస కేసి, చదవడం రాకపోయినా, ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. నాతో కాదు, తనలో తాను అన్నట్టు అంది. "అన్ని ఘడియలు నీళ్ళ మీద ఎవరుంటారే..."

ఆ తర్వాత రేపల్లె ఆయన సంగతి చెప్పాను. ఆ మనిషి గురించి, చంటిదాని గురించి రెండు మూడు ప్రశ్నలు అడిగింది. తాగుతాడా అంది. లేదమ్మా అన్నాను. వదినని పిలవమంది. వదిన వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"రేపట్నుంచి ఎసరు నేను పెట్టుకుంటాను. నువ్వు వెళ్ళు తల్లీ" అంది అమ్మ.

"నేనెక్కడికీ పోనత్తమ్మా."

"పో. టైముకి మనిషి ఇంటికొచ్చే కొంపలో అన్నం వండుకో. ఇన్నాళ్ళు నా కోసం వండావు, చాలు."

వదిన గుమ్మంలోనే కూలబడిపోతే, అమ్మ లేచి వెళ్ళి ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుంది. అన్న పోయాక అమ్మ ఏడవడం నేను చూసింది ఆ ఒక్కరోజే.

పెళ్ళి రేపల్లెలో, పది మంది మధ్య జరిగింది. అమ్మ పసుపు చీర కొని, తల్లి స్థానంలో కూర్చుని, కూతుర్ని అప్పగించినట్టే చేతిలో చెయ్యి పెట్టి అప్పగించింది. అత్తగారు కోడలికి పెళ్ళి చేయడమేంటని ఊళ్ళో కొందరు నొసలు చిట్లించారు. అమ్మ పట్టించుకోలేదు. ఆ చంటిది ఆ వేళే అమ్మ చంక దిగనని మారాం చేసి, మాటలు వచ్చాక అమ్మమ్మా అని పిలవడం మొదలుపెట్టింది. ఆ పిలుపు విన్న రోజు అమ్మ గంప దించి ఎండుచేపలు బేరమాడకుండా ఇచ్చేసిందని బజారులో చెప్పుకునేవారు.

ఆ తర్వాత అమ్మ ఒక్కతే ఉండేది. బాపట్ల రమ్మని నేను, రేపల్లె రమ్మని వదిన, ఎంత పోరినా రాలేదు. పోటు వేళ నన్నెప్పుడూ అడగలేదు. ఒడ్డుకి వెళ్ళి కళ్ళతో చూసుకుని వచ్చి ఎసరు పెట్టుకునేది. ఇద్దరికి సరిపడా. లక్షన్నర ఘడియలు నీళ్ళ మీద ఎవరూ ఉండరని ఆవిడ నోటితోనే అంది, కోడలి కోసం ఆ లెక్క ఒప్పుకుంది. తన కోసం మాత్రం ఒప్పుకోలేదు. అది నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

చివరి రోజుల్లో తెనాలి ఆసుపత్రిలో ఉంచాం. వదిన పక్కనే కింద చాప వేసుకుని ఉంది, రేపల్లె ఆయన మిల్లు పని చూసుకుని రోజూ బండి మీద వచ్చి, అమ్మని చంటిపిల్లలా ఎత్తి పక్క మార్చి, మళ్ళీ బండెక్కి వెళ్ళేవాడు. అమ్మ ఆయన్ని అబ్బాయ్ అనేది. ఒక మధ్యాహ్నం, వదిన గంజి పట్టిస్తుంటే, చాలు అని చెయ్యి అడ్డం పెట్టి, ఆ చెయ్యి అలాగే వదిన మణికట్టు మీద ఉంచి వెళ్ళిపోయింది. ఊరికి తీసుకెళ్ళాం. తలకొరివి రేపల్లె ఆయనే పెట్టాడు.

పెద్దకర్మ రోజున కులపెద్ద ఒకాయన, మంచి మనసుతోనే, ఆ కుర్రాడిది కూడా దీనితో కలిపి చేయించేద్దాం, ఇన్నేళ్ళూ ఆగింది, ఆత్మ శాంతిస్తుంది అన్నాడు. అందరూ నాకేసి చూశారు. నేను వదినకేసి చూశాను. వదిన తల మీద కొంగు సర్దుకుని, అందరి మధ్యలో, మొగుడు పక్కనే ఉండగా చెప్పింది. "ఆవిడ చెయ్యలేదండి. ఆవిడ చెయ్యనిది మనం చెయ్యొద్దండి." రేపల్లె ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, సరే చెయ్యొద్దు అన్నాడు. అందుకని మా అన్నకి ఈనాటికీ కర్మ జరగలేదు.

మొన్న ఆ బండి చెప్పిన వేళకి కూడా రాక, ఇంకా ఆలస్యంగా వచ్చింది. రేపల్లెలో దిగితే వదిన స్టేషనుకే వచ్చి ఉంది. జుట్టు తెల్లబడింది, నడుం వంగింది, నన్ను పంతులమ్మా అనడం మాత్రం మారలేదు. భోజనాలయ్యాక, సముద్రం చూసి చాలా రోజులైంది, ఒకసారి పోయొద్దామా అంది. ఆటో మాట్లాడుకుని ఇద్దరు ముసలివాళ్ళం బయల్దేరాం.

ఒడ్డు గుర్తుపట్టలేకపోయాం. చెక్క పడవల చోట ఫైబరు పడవలు. తుపాను సంగతి ఇప్పుడు మూడు రోజుల ముందే జేబులో ఫోను చెప్పేస్తుందట. పోటు వేళ కూడా అందులోనే ఉంటుందట, ఎవరూ ఏదీ కూడనక్కర్లేదు. ఎంత మంచిదో. మన కాలంలో ఆలస్యానికి నోరు లేదు. మనిషి గుమ్మంలోకి వస్తే తెలిసేది, రాకపోతే తెలియదు, ఆ రెంటి మధ్యన ఆడవాళ్ళు తమంతట తామే ఏదో ఒక లెక్క కట్టుకుని బతకాలి.

ఒడ్డున వల పక్కన ఒక చిన్న వయసు ఇల్లాలు ఫోను చెవికి ఆనించుకుని, రెండో చెయ్యి నడుం మీద పెట్టుకుని, సముద్రం కేసి తిరిగి అరుస్తోంది. "ఎక్కడ చచ్చావయ్యా? రెండింటికల్లా వస్తానన్నావు, గంటన్నర అయింది. వండిందంతా చల్లారి రాయైపోయింది. నువ్వు రా, నీ సంగతి చెప్తా." అవతల నుంచి ఏం సమాధానం వచ్చిందో, ఒక్కసారి పకపకా నవ్వేసి, ఫోను జాకెట్టులో దోపుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

వదిన కదల్లేదు. ఆ పిల్ల వెళ్ళిన వైపే చూస్తూ, "ఎంత బాగా తిట్టిందో కదా పంతులమ్మా" అంది.

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. మా ఇంట్లో ఆ తిట్లు తిట్టడానికి ఇద్దరు ఆడవాళ్ళు అన్నేళ్ళు కాచుకుని కూర్చున్నారు. తిట్టించుకోవలసినవాడే రాలేదు.